వాన వెలిసేదాకా

ముసురు పట్టిందంటే రైతుకి సంతోషం, కప్పలకి కచేరీ, ఇల్లాలికి మాత్రం పరీక్ష. ఆరుద్ర కార్తె వచ్చి మబ్బు చూరు మీదికి వంగిందా, పిల్లలు బయటికి పోయే దారి ఉండదు. బయటికి పోని పిల్లలు ఇంట్లో ఊరుకోరు. బియ్యం డబ్బా మూత డప్పు అవుతుంది. బట్టలారేసిన దండెం ఉయ్యాల అవుతుంది. పెద్దాడు కొట్టాడని చిన్నది, అదే ముందు గిచ్చిందని పెద్దాడు. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి అమ్మ చేతికి అట్లకాడ వస్తుంది.

మా చిన్నప్పుడు సరిగ్గా ఆ వేళకి వసారా మూల నుంచి ఓ గొంతు వినిపించేది. "వాళ్ళని ఇట్లా తోలవే, నేను చూసుకుంటాను" అని. అది మా నాయనమ్మ. ఆవిడ దగ్గర బొమ్మలూ లేవు, పుస్తకాలూ లేవు. ఉన్నవి ఓ బొగ్గుముక్క, కొంగున ముడేసిన నాలుగు గవ్వలు, డబ్బా నిండా చింతపిక్కలు, గోడకి ఆనించిన ఓ గుంటల పీట. అంతే సరంజామా. దాంతోనే ముసురు మూడు రోజులున్నా నెట్టుకొచ్చేది. నాలుగో రోజు ఎండ కాస్తే మేమే "అరెరే, అప్పుడే వెలిసిందే" అనుకునేవాళ్ళం.

మాది మండువా ఇల్లు. నాలుగు వైపుల చూరు నీళ్ళూ నడిమింటి పల్లంలో పడి, తూములోంచి వీధిలోకి పోయేవి. అంటే వాన మా ఇంట్లోనే కురిసేదన్నమాట. చుట్టూ వసారాలో మేము, మధ్యలో వాన. తూము దగ్గర కత్తిపడవలు వదలడం ఒక గంట పని. నోట్‌బుక్కులో వెనక కాగితాలు అయిపోయాక, ముందు కాగితాల మీద చెయ్యి పడేలోపల నాయనమ్మ పిలుపు వచ్చేది.

ఆ ఆటలన్నీ పిల్లల కోసం ఎవరో దయగల పెద్దమనిషి కనిపెట్టి ఉంటాడని చాలాకాలం అనుకున్నాను. తీరా పెద్దయ్యాక నాలుగు పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, వాటిలో చాలావాటికి మొదటి ఆసాములు పిల్లలు కారు. పెద్దవాళ్ళు ఆడి, ఆస్తులు పోగొట్టుకుని, పుణ్యం మూట కట్టుకుని, చివరికి విసుగెత్తి వదిలేసిన ఆటలవి. అన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టు, పెద్దల ఆట పొట్టిదై పిల్లలకి వచ్చింది. వచ్చినదాన్ని పారెయ్యకుండా దాచింది మాత్రం వానలో ఇంట చిక్కుకున్న పిల్లలూ, వాళ్ళతో పాటు చిక్కుకున్న ముసలివాళ్ళూనూ.

అష్టాచెమ్మా సంగతే చూడండి. నేల మీద బొగ్గుతో అడ్డం అయిదు, నిలువు అయిదు, మొత్తం 25 గళ్ళు. నాలుగు వైపులా నడిమి గడిలో ఒక్కో ఇంటూ గుర్తు, మధ్యలో ఇంకొకటి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఎదుటివాడి కాయని ఒక్కటన్నా చంపందే లోపలి గళ్ళలోకి పోనివ్వరు. నడిమింటికి చేరిన కాయ "పండింది" అంటాం. చంపడమూ, పండడమూ ఒకే ఆటలో పెట్టుకున్న మనవాళ్ళ బుద్ధికి ఆశ్చర్యపడవలసిందే.

ఈ ఆట తాతముత్తాతలు మహా గట్టివాళ్ళు. పాచికల పిచ్చి మనకి ఎంత పాతదంటే, ఋగ్వేదం పదో మండలంలో 34వ సూక్తం అంతా ఓ జూదరి ఏడుపే. భార్య పోయింది, అత్తగారు ఛీ కొట్టింది, అయినా పాచికల చప్పుడు వింటే కాలు నిలవదు అని గోల. ధర్మరాజు సంగతి మీకు చెప్పక్కర్లేదు. నలుడి సంగతీ అంతే. మన భాషలో ఇవాళ్టికీ "వాడి పాచిక పారలేదు" అంటాం. ఆ మాట అనేవాళ్ళలో పాచిక కళ్ళారా చూసినవాళ్ళు ఎందరో మరి!

మొగలాయీల కాలానికి ఇది చౌపడ్, పచ్చీసు అనే పేర్లతో దర్బారు ఆట అయి కూర్చుంది. పచ్చీసు అంటే 25, గవ్వలతో పడే పెద్ద పందెం. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ముంగిట్లో పచ్చీసు పటం రాళ్ళతో పరిచి ఉంది, ఇప్పుడు వెళ్ళినా చూడవచ్చు. కాయల బదులు మనుషుల్ని నిలబెట్టి ఆడేవాడని చెప్పుకుంటారు. అబుల్ ఫజల్ 'ఐనే అక్బరీ'లో ఈ చౌపడ్ గురించి రాస్తూ, పదహారు ఆటలు పూర్తయ్యేదాకా ఎవరినీ ఇంటికి వెళ్ళనిచ్చేవారు కాదనీ, ఒక్కోసారి మూడు నెలలు పట్టేదనీ అంటాడు. మూడు నెలలంటే మన వానాకాలం అంత! పాపం, పాదుషావారికి బయట ఎండ కాస్తున్నా ఇంటికెళ్ళే వీలు లేదు.

ఆ పచ్చీసునే తెల్లవాళ్ళు మూటగట్టుకుపోయారు. 1896లో ఇంగ్లండులో గవ్వలు తీసేసి, చుక్కల పాచిక ఒకటి పెట్టి, లూడో అని పేరు పెట్టి హక్కులు రాయించుకున్నారు. లూడో అంటే లాటిన్ భాషలో "నేను ఆడుతున్నాను" అని అర్థం. మన ఆట మన దగ్గరే నేర్చుకుని, నేను ఆడుతున్నాను అని మనకే చెప్పడం! తర్వాత అది రంగుల అట్ట మీద, పెట్టెలో, వెలకట్టి మన అంగళ్ళలోకే తిరిగొచ్చింది. మా ఇంట్లోకి మొదటి లూడో పెట్టె వచ్చిన రోజున నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది మన పచ్చీసే కదరా, గవ్వలేవీ?" అంది. మేము నవ్వాం. ఆవిడే నిజం చెప్పిందని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

వైకుంఠపాళిదీ ఇదే కథ, కాకపోతే ఇందులో భక్తి కలిసింది. పరమపద సోపాన పటం అని దాని పూర్తి పేరు. శివరాత్రికీ, ముక్కోటి ఏకాదశికీ జాగారం చేసే పెద్దలు నిద్ర ఆపుకోవడానికి పరుచుకునేవారు. కింద నరకాలు, పైన లోకాలు, చిట్టచివర పరమపదం. పుణ్యం నిచ్చెన, పాపం పాము. పరమపదం గుమ్మం దాకా వెళ్ళినవాణ్ణి పెద్ద పాము మింగి కిందికి దించితే, ఆ రాత్రి చలిలో ముసలాయన నిట్టూర్పు చూడాలి! అది ఆటలో ఓడినవాడి నిట్టూర్పు కాదు, వచ్చే జన్మ గురించిన బెంగ.

1890లలో ఇది ఇంగ్లండు చేరింది. మొదట్లో వాళ్ళూ బొమ్మల్లో పాపపుణ్యాలు వేశారు. రానురాను అవి పోయి పాములూ నిచ్చెనలే మిగిలాయి. 1943లో అమెరికా వ్యాపారులు పాముల్ని కూడా తీసేసి జారుడుబల్లలు పెట్టారు. మన పటంలో పాములు భయపెట్టడానికే ఉన్నాయి, వాళ్ళ పటంలో భయం లేదు కనక పాములూ లేవు. ముసురు పట్టిన పగటిపూట మా ఇంట్లో ఈ పటం పరిచినప్పుడు మాత్రం మోక్షం గురించి ఎవరికీ ధ్యాస ఉండేది కాదు. తమ్ముణ్ణి పాము మింగితే చాలు, అదే వైకుంఠం.

పులిజూదానికి ఇల్లు కూడా అక్కర్లేదు. పేరులోనే జూదం ఉంది చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. కొన్ని ఊళ్ళలో నాలుగు పులులతో ఆడతారు. పులి మేక మీదుగా దూకి తింటుంది. మేకలు కలిసికట్టుగా చుట్టుముట్టి పులిని కదలకుండా కట్టేస్తాయి. గవ్వలు లేవు, అదృష్టం లేదు, ఉన్నదంతా బుర్రే. దేవాలయాల మంటపాల్లో, సత్రాల అరుగుల మీద, ఊరి బయట బండల మీద ఈ పటాలు చెక్కి కనిపిస్తాయి. హంపీ శిథిలాల్లో ఇలాంటి ఆటల గీతలు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రాజుల పేర్లు శాసనాల్లో చదువుకుంటాం. ఆ గీతలు గీసినవాడెవడో, ఏ పశువుల కాపరో, ఏ బాటసారో, ఏ కూలివాడో, అతని పేరు ఎక్కడా ఉండదు. వాన వచ్చి మంటపంలోకి పరుగెత్తి, అది వెలిసేదాకా ఏం చెయ్యాలో తోచక ఉలి తీసుకుని ఉంటాడనిపిస్తుంది నాకు. అది నా ఊహే లెండి. కానీ మంటపంలో వాన వెలిసేదాకా కూర్చున్నవాళ్ళెవరూ నా ఊహని కాదనరు.

ఇక గచ్చకాయలు. కంచెల్లో ముళ్ళపొద, అందులో ముళ్ళ కాయ, దాన్ని పగలగొడితే బూడిదరంగులో నున్నటి గింజ. రాయిలా ఉంటుంది. గచ్చు మీద గట్టిగా రుద్ది పక్కవాడి మోచేతికి అంటిస్తే వాత తేలుతుంది, అది వేరే ఆట. అయిదు గింజలు పెట్టుకుని, ఒకటి ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా మిగిలినవి ఏరుకోవడం అసలు ఆట. గ్రీసు దేశంలో రెండువేల ఏళ్ళ కిందటే ఆడవాళ్ళు గొర్రె చీలమండ ఎముకలతో ఇలాంటి ఆటే ఆడేవారు. అక్కడి శిల్పాల్లోనూ ఆ ఆట ఉంది. మన పాత తెలుగులో దీన్ని అచ్చనగండ్లు అనేవారు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో అచ్చయిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో పాత కావ్యాలు గాలించి మన వాళ్ళ తిండీ, బట్టా, పండగలతో పాటు ఆటల్ని కూడా ఏరి పెట్టారు. తెలుగుకి మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. రాజుల యుద్ధాలే చరిత్ర అనుకునే రోజుల్లో ఆటలకీ చోటిచ్చిన మహానుభావుడాయన. ఆ పేజీలు చదువుతుంటే సరదాతో పాటు ఓ దిగులు కూడా పుడుతుంది. ఎందుకంటే అందులో చాలా ఆటలకి పేరు మాత్రమే మిగిలింది. ఎలా ఆడేవారో తెలియదు. కవిగారు పేరు రాసి ఊరుకున్నారు. అప్పటివాళ్ళకి తెలిసిన సంగతే కదా అని వివరించలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరూ రాయరు. అందుకే అదే అందరికన్నా ముందు పోతుంది.

అలా పోకుండా నిలిచింది వామనగుంటల ఆట. కొందరు ఓమనగుంటలు అంటారు. పీటకి రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు, మొత్తం 14. గుంటకి అయిదేసి వేస్తే 70 గింజలు. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కోటి పంచుకుంటూ పోవాలి. అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. తర్వాతిది ఖాళీగా ఉంటే దాని పక్క గుంటలోవి మనవి. చూస్తే ఇంతే. కానీ ఏ గుంట తీస్తే ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క కట్టగలిగినవాళ్ళదే ఆట.

తమిళులకి ఇది పల్లాంకుళి, కన్నడిగులకి చెన్నెమణె. సముద్రం అవతల ఆఫ్రికాలో ఇంటింటికీ ఇలాంటి ఆట ఉంది, ఊరికో పేరు. అరబ్బు మాట "నఖల", అంటే కదపడం, దాన్నించి వచ్చిన మంకాలా అనే పేరుతో పండితులు ఈ కుటుంబాన్నంతా పిలుస్తారు. స్టూవర్ట్ కులిన్ అనే అమెరికా పండితుడు 1890లలోనే దీన్ని ఆఫ్రికా జాతీయ క్రీడ అని రాశాడు. చదరంగం చరిత్ర రాసిన ముర్రే దొరగారు 1952లో తక్కిన పలక ఆటల మీద ఇంకో పెద్ద పుస్తకం వేసి, ఈ గుంటల ఆటలకి అందులో బోలెడు చోటిచ్చాడు. అక్కణ్ణించి ఇక్కడికి వచ్చిందా, ఇక్కణ్ణించి అక్కడికి పోయిందా అన్నది పండితులు తేల్చుకుంటారు. నాకు కావలసింది మా ఇంటి పీట ఎక్కణ్ణించి వచ్చిందన్నది. అది నాయనమ్మతో పాటు వచ్చింది, సారె సామానులో.

అప్పుడావిడకి తొమ్మిదేళ్ళు. ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం వచ్చింది 1929లో, అమలైంది 1930లో. నాయనమ్మ పెళ్ళి అంతకు ఎంతో ముందు. కాపరానికి వచ్చాక ఆవిడ గడప దాటిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మాకు ముసురు ఏడాదికి ఇరవై రోజులుండేదేమో. ఆవిడకి పన్నెండు నెలలూ వానాకాలమే. ఎండ కాస్తున్నా బయటికి పోకూడదు. అక్షరం ముక్క రాదు, రానివ్వలేదు. కానీ 70 గింజల లెక్క కళ్ళతోనే కట్టేది. మెట్రిక్ ప్యాసయిన మా నాన్నగారు కూర్చుంటే మూడాటల్లో ముంచేది. "ఈవిణ్ణి చదివించి ఉంటే" అని ఆయన నవ్వుతూ అనేవారు. ఆవిడ నవ్వేది కాదు. గింజలు పంచుకుంటూ ఉండేది.

ఈ ఆటలు ఎలా బతికాయో అన్న ప్రశ్నకి జవాబు అక్కడ ఉంది. బయటికి వెళ్ళగలిగిన మగవాళ్ళు పేకాటకీ, సినిమాకీ, రాజకీయాలకీ పోయారు. వెళ్ళే వీలు లేనివాళ్ళు ఆటని అట్టే పెట్టుకున్నారు. వాన పడినప్పుడు మా చేతుల్లో పెట్టారు. ఆటతో పాటు పొడుపుకథలూ, పేదరాశి పెద్దమ్మలూ, ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్న రాక్షసుడి ప్రాణమూ. 1945లో న్యాయపతి రాఘవరావుగారు 'బాల' పత్రిక పెట్టినా, ఆయనా కామేశ్వరిగారూ రేడియో అన్నయ్య, అక్కయ్యలై 'బాలానందం' నడిపినా, 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 'చందమామ' తెచ్చినా, వాళ్ళంతా పోటీ పడవలసి వచ్చింది ఇలాంటి ఓ ముసలమ్మతోనే. నిజం చెప్పాలంటే చందమామ వచ్చిన రోజున నాయనమ్మ ఓడిపోయేది. కానీ చందమామ నెలకోసారి వచ్చేది. ఆవిడ రోజూ ఉండేది.

వాన అంటే అందరికీ వినోదమే అన్నట్టు రాస్తున్నానని మీకు అనిపించవచ్చు. అలా రాస్తే పాపం చుట్టుకుంటుంది. మా వీధి చివర తాటాకు ఇళ్ళలో ముసురంటే పని లేని రోజు. పని లేని రోజంటే కూలి లేని రోజు. చూరు కారే చోటల్లా చట్టీ పెట్టి, కారని మూల పిల్లల్ని పోగేసి, ఆ తల్లులూ చింతపిక్కలే పోసేవాళ్ళు. అక్కడి ఆటకి మా ఆటకి ఒక్కటే తేడా. సాయంత్రానికి వాళ్ళు ఆ పిక్కల్ని వేయించుకుని తినేవాళ్ళు. మాకు అది సరదా తిండి. వాళ్ళకి అది తిండి. ఆకలి మాట మరిపించడానికి ఆడించిన ఆటలో గెలుపు కూడా తినే వస్తువే కావడం నాకు అప్పట్లో గొప్పగా తోచింది. ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టుకుంటుంది.

వాన ఆటగా ఆగిపోని రోజులూ ఉన్నాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రమే లేచి వచ్చింది. వేలమంది పోయారు, వాళ్ళలో ఎంతమంది పిల్లలో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకి పేటలు మునిగినప్పుడు, కుటుంబాలు పై అంతస్తుల్లో రోజుల తరబడి చిక్కుకున్నాయి. కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగు లేదు, కింద నీళ్ళు. అలాంటి వేళ పిల్లల్ని దగ్గర కూచోబెట్టుకుని, భయం మొహంలో కనపడనీకుండా మాట్లాడుతూ ఉండడం వినోదం కాదు, ప్రాణరక్షణ. దానికి చేతిలో ఏదన్నా ఉండాలి. కథన్నా, ఆటన్నా.

ఇప్పుడు ముసురు పడితే జిల్లా కలెక్టరుగారు బడికి సెలవిస్తారు. పిల్లలు ఫ్లాట్లో ఉంటారు. చేతిలో ఫోను ఉంటుంది. అందులో లూడో కూడా ఉంటుంది, గవ్వలు లేకుండా, చివరికి ఎదుట మనిషి కూడా లేకుండా. ఫోన్ని తిట్టి కూర్చోవడం తేలిక. నేను తిట్టను. ఎందుకంటే ఆటలు దాచినవాళ్ళు ఇంటి బందీలు. మా మనవరాలి నాయనమ్మ, అంటే మా ఆవిడ, ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసింది. వాన పడ్డా గొడుగేసుకుని బస్సెక్కింది. ఆ పాత తలుపులు మళ్ళీ వేసి, ఆడవాళ్ళని లోపల కూచోబెట్టి, వామనగుంటలు కాపాడమని ఎవరంటారు? పోయిన ఖైదు మంచికే పోయింది. వచ్చిన చిక్కల్లా, ఆ ఖైదీలు చేసిన పని ఇప్పుడు ఎవరూ చెయ్యకపోవడం. ఇదివరకు దిక్కులేక కూచునేవాళ్ళు. ఇకమీదట కావాలని కూచోవాలి. ఆ కూచోవడం ఆడవాళ్ళ వంతే కానక్కర్లేదు కూడా.

మొన్న వానల్లో నేను కూచున్నాను. కరెంటు పోయింది, మనవరాలి ఫోను చచ్చింది, ఆ పిల్ల మొహం మబ్బేసింది. గుంటల పీట లేదు. మేము వాటాలు పంచుకున్న నాడు ఇత్తడి బిందెల కోసం తగువులాడుకున్నాం, పీట సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. ఏ పొయ్యిలోకి పోయిందో. సరే, సుద్దముక్కతో టైల్సు మీద 14 సున్నాలు చుట్టాను. చింతపిక్కల కోసం వంటింట్లో వెతికితే లేవు. ఇప్పుడు చింతపండు గింజ తీసే అమ్ముతున్నారట. చివరికి బొబ్బర్లు దొరికాయి. లెక్కపెట్టి 70 తీశాం.

మొదటి ఆట నేను గెలిచాను. రెండో ఆటకి ఆ పిల్ల దగ్గర 12 గింజలే ఉన్నాయి. రెండు గుంటలు నిండాయి. నిండనివి మూసేసి ఆడాలని చెప్పాను. ఆ ఆటా పోయింది. ఇప్పుడు చేతిలో మూడే గింజలు. "తాతా, ఒక్క గుంట కూడా నిండదు కదా, నేను అవుటేనా?" అంది. నాకు జవాబు తోచలేదు. నాయనమ్మ ఏదో చేసేది. ఏం చేసేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. కావ్యాల్లో పేరు మాత్రమే మిగిలిన ఆటల గురించి దిగులుపడ్డ పెద్దమనిషిని, నా ఎదుటే ఆడిన ఆటలో ఓ నియమం పోగొట్టుకున్నాను.

నా ఫోనులో ఇంకాస్త ఛార్జింగు ఉంది. మా మేనత్తకి చేశాను. నాయనమ్మ ఆఖరి కూతురు, 86 ఏళ్ళు, కొడుకు దగ్గర ఉంటుంది. చెవి సరిగ్గా వినపడదు. మూడుసార్లు అరిచి చెప్పాక అర్థమయింది.

"ఒరే అబ్బాయ్, ఆ మాత్రం తెలీదురా?" అంది. "గుంటకి ఒక్కోటే వేసుకోమను. నువ్వూ దాని ఎదురుగా ఒక్కోటే వెయ్యి. మూడు గుంటలతో ఆడండి. లేనివాడు లేచిపోవాలని ఎవరన్నార్రా? మీ నాయనమ్మ ఒక్క గింజతో మొదలెట్టి మీ తాతని ఓడించింది, నేను చూశాను."

మనవరాలు ఫోను లాక్కుని "ఎలా ఓడించింది ముత్తమ్మా?" అని అరిచింది.

అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత గాజుల చప్పుడు వినిపించింది, చీర సర్దుకుని కూచుంటున్నట్టు.

"గింజలు వేశావా? ఏ గుంటలో ఎన్నున్నాయో చెప్పు, చెప్తాను."

బయట వాన ఇంకా కురుస్తూనే ఉంది. దాని తొందర మాకేం లేదు.